సిలవరు గిన్నె, కొత్త ఫోను



ఈ వారం రాస్తున్నది చూసి సంఘ పెద్దలు కొందరు "అయ్యగారికి వాక్యం దొరకలేదా ఏంటి" అనుకుంటారని నాకు తెలుసు. అనుకోనివ్వండి. మన యౌవనస్థుల్లో ఒక తమ్ముడు వాట్సాప్‌లో నాకు ఒక ఫొటో పంపాడు. కొత్త ఫోను ఫొటో. రెండుచోట్ల ఎర్రగా సున్నా చుట్టి కింద ఇలా అడిగాడు: "అయ్యగారూ, మూడు వారాలకే గీతలు పడ్డాయి. ఇది కంపెనీ తప్పా, మా వాడకం తప్పా? కొట్టు మీదికి పోయి అడగమంటారా?"

ప్రశ్న ఫోను గురించే. కానీ ఆ ఇంట్లో ఏం జరిగిందో అంతకుముందు రోజే అమ్మగారు నాకు చెప్పి ఉన్నారు. అందుకే రెండు ముక్కల్లో జవాబు పెట్టి ఊరుకోలేకపోయాను. వాళ్లను అడిగే ఇది రాస్తున్నాను. పేర్లు రాయను, ఎవరని ఆరా తీయవద్దు.

ఫోను కంపెనీ పేరు కూడా అనవసరం. ముదురు నీలం రంగు. అంచులు లోహం, వెనకాల కెమెరాల చుట్టూ లేచిన గట్టు కూడా లోహమే. పిల్లవాడు గుంటూరులో ఒక కొట్టులో పని చేస్తాడు. ముందు కట్టిన డబ్బు తల్లి మిరప కోతలకు వెళ్లి దాచుకున్న కూలి. మిగిలింది 12 నెలల వాయిదాలు. పక్క అంచు మీద వేలెడు పొడవున ఒక తెల్లని గీత, కెమెరా గట్టు మూలలో ఆవగింజంత వెండి చుక్క. అతను సున్నా చుట్టింది ఈ రెండింటికే. కొట్టువాళ్లేమో "గీతలకు వారంటీ రాదు, వాడితే పడతాయి" అని పంపించేశారు.

ఇక ఇంటి సంగతి. పెద్దకూతురు కువైట్‌లో ఉంది. ఆమె ఫోను చేస్తుందేమోనని ఒకరోజు తల్లి కొడుకు ఫోను పట్టుకుని పక్కింటికి వెళ్లింది. రొంటిన దోపుకునే చిన్న గుడ్డసంచిలో పెట్టుకుంది. ఆ సంచిలో చిల్లర, బీరువా తాళాలు ఉన్నాయి. సాయంత్రం కొడుకు గీత చూశాడు. నలుగురూ వినేట్టు కేకలేశాడు. ఆ రోజు నుంచి ఆమె ఆ ఫోను ముట్టుకోలేదు. శుక్రవారం కూతురు ఫోను చేస్తే "స్పీకరు పెట్టు నాయనా, నేను ముట్టుకోను" అని రెండడుగుల దూరంలో చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి మాట్లాడిందట. అమ్మగారు ప్రార్థనకు వెళ్లినప్పుడు కళ్లారా చూసిన సంగతి ఇది.

ముందు లోహం సంగతి చూద్దాం. ఎందుకంటే ఆ పిల్లవాడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పకుండా "వస్తువుల మీద మమకారం పెట్టుకోకు నాయనా" అనేస్తే అది ప్రశ్నను దాటేయడమే.

అల్యూమినియం మన ఇళ్లకు కొత్త కాదు. మనం సిలవరు అంటాం. సిలవరు గిన్నె, సిలవరు బిందె. వెండికీ దానికీ ఏ చుట్టరికమూ లేదు, పేరు మాత్రం అలా నిలిచిపోయింది. ఖరీదైన ఫోన్ల అంచులు చాలావాటికి ఆ జాతి లోహమే. మెగ్నీషియం, సిలికాన్, కొన్నిట్లో జింకు కొద్దిగా కలిపి గట్టిపరుస్తారు. ఎంత గట్టిపరచినా ఇనుము ముందు, రాయి ముందు అది మెత్తనే. బూడిదా పీచూ పెట్టి తోమితే సిలవరు గిన్నె మీద ఎన్ని సన్నగీతలు పడతాయో మన తల్లులకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ లోహానికి ఒక మంచి గుణం ఉంది. గాలి తగిలితే చాలు, దాని ఒంటి మీద కంటికి కనబడనంత పలుచని పొర దానంతట అదే కడుతుంది. ఇనుము తుప్పులాగా అది పొడిపొడిగా రాలిపోదు. అంటిపెట్టుకుని ఉండి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఫ్యాక్టరీల్లో ఆ పొరనే దళసరిగా పెంచుతారు. సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపిన నీళ్ల తొట్టిలో ముంచి కరెంటు పంపిస్తారు. దీన్నే అనోడైజింగ్ అంటారు. అలా పెరిగిన పొర నిండా తేనెపట్టు గదుల్లాంటి అతి సూక్ష్మమైన రంధ్రాలుంటాయి. వాటిలోకి రంగు ఎక్కించి, మరిగే నీళ్లలాంటి వాటితో రంధ్రాల మూతులు మూసేస్తారు. కాబట్టి అది పైన కొట్టిన పెయింటు కాదు. లోహంలో నుంచే పుట్టిన చర్మం లాంటిది.

ఆ చర్మం చాలా గట్టిది. అది అల్యూమినియం ఆక్సైడ్. కెంపు, నీలం రాళ్లు కూడా మూలంలో ఆ పదార్థమే. 1812లో మోస్ అనే జర్మన్ పండితుడు రాళ్ల గట్టితనానికి ఒకటి నుంచి పది దాకా ఒక కొలత పెట్టాడు. వజ్రం పది. కెంపు తొమ్మిది. మన ఇసుకలో ఉండే పలుగురాయి ఏడు. ఉత్త అల్యూమినియం మూడు కూడా ఉండదు. ఫోను మీది పొర కెంపంత గట్టిగా ఉండదు గానీ కింద ఉన్న లోహం కంటే ఎన్నో రెట్లు గట్టిది.

మరి గీతలెందుకు? పొర పలుచన. మిల్లీమీటరులో నూరో వంతు, అటూ ఇటూ. తలవెంట్రుక కూడా దానికంటే లావుగా ఉంటుంది. అప్పడాన్ని బండ మీద పెట్టి వేలితో నొక్కండి, ఏమీ కాదు. అదే అప్పడాన్ని దూది పరుపు మీద పెట్టి నొక్కండి. అప్పడం గట్టిదే, కింద ఆసరా లేదు. ఫోను రాతి అంచుకు తగిలినప్పుడు జరిగేది ఇదే. కింది మెత్తని లోహం లొట్టపడుతుంది, పైపొర పెటపెట విరుగుతుంది.

మూలల దగ్గర ఇంకో చిక్కు ఉంది. ఈ పొర లోహం మీద నిటారుగా పెరుగుతుంది. చదునైన చోట వరినారులాగా ఒత్తుగా నిలబడుతుంది. పదునైన అంచు దగ్గర ఒక వైపు పొర ఇటు, రెండో వైపు పొర అటు పెరిగి మధ్యలో సందు పడుతుంది. అందుకే అక్కడ పట్టు తక్కువ. సున్నం కొట్టిన గోడకు మొదట రాలేది మూలే కదా. పైన ముదురు రంగు, లోపల తెల్లని లోహం కాబట్టి చిన్న పెచ్చు లేచినా కంటికి కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అదే దెబ్బ వెండిరంగు ఫోనుకు తగిలితే మీరు నెలల తరబడి గమనించకపోవచ్చు. నల్ల కుక్కర్లు వాడే ఇళ్లలో చూడండి, గరిట కొట్టే అంచు దగ్గర రంగు పోయి తళతళలాడే గీత ఉంటుంది. అదీ ఇదీ ఒకటే పని, ఒకటే లోహం. కుక్కరు మీది పొర ఇంకా దళసరి, అంతే తేడా.

ఇది ఒక్క ఫోనుతో వచ్చిన గొడవ కాదు. 2012 సెప్టెంబరులో ఐఫోన్ 5 వచ్చినప్పుడు నల్లరంగు ఫోను కొన్నవాళ్లు చాలామంది ఇదే గోల పెట్టారు. కొందరికి పెట్టె తెరిచేసరికే అంచులు తెల్లగా కనిపించాయి. ఒక కొనుగోలుదారు రాసిన ఉత్తరానికి ఆపిల్ పెద్దల్లో ఒకరైన ఫిల్ షిల్లర్ జవాబిస్తూ, ఏ అల్యూమినియం వస్తువైనా వాడకంలో గీతపడి సహజమైన వెండిరంగు బయటపడుతుంది, అది మామూలే అన్నారు. ఆ మాటకు జనం నవ్వారు, కోప్పడ్డారు. మరుసటి ఏడాది వచ్చిన 5ఎస్‌లో ఆ కారునలుపు లేదు, లేత బూడిదరంగు వచ్చింది.

2025 సెప్టెంబరులో మళ్లీ అదే కథ. అంతకుముందు రెండేళ్లు టైటానియం వాడిన ప్రో ఫోన్లను ఐఫోన్ 17 ప్రోతో అల్యూమినియంకు మార్చారు. తేలిక, వేడిని త్వరగా లాగేస్తుంది, అది నిజమైన లాభమే. వారం తిరక్కుండానే దుకాణాల్లో ప్రదర్శనకు పెట్టిన ఫోన్ల మీద గుర్తుల ఫొటోలు వచ్చాయి. వాటిలో కొన్ని గీతలే కావు, అరిగిన ఛార్జింగ్ స్టాండు నుంచి అంటిన పదార్థం, తుడిస్తే పోతుంది అని కంపెనీ చెప్పింది. అమెరికాలో జెర్రీరిగ్ఎవ్రీథింగ్ అనే యూట్యూబ్ ఛానల్ నడిపే జాక్ నెల్సన్ తాళాలు, నాణేలు పెట్టి గీకి చూపించాడు. చదునుగా ఉన్న చోట పడిన గుర్తులు చాలావరకు తుడిస్తే పోయాయి. కెమెరా గట్టు పదునైన అంచు దగ్గర మాత్రం పొర లేచిపోయింది. ఆ అంచుల విషయంలో కంపెనీ మాట, కాలక్రమంలో మామూలు అరుగుదల ఉంటుందని.

ఇది చదివి నేను ఆ తమ్ముడికి రాసిన జవాబు ఇది. "నాయనా, ఇది లోపమా అంటే వారంటీ లెక్కలో కాదు. కానీ నీకు కోపం రావడం తప్పు కాదు." అంత డబ్బు తీసుకునేవాడు, మూలలు తెల్లబడతాయని ఎలాగూ తెలిసినవాడు, కొనేముందు ఆ మాట చెప్పాలి. ఆర్నెల్లు వాడిన ఫోనొకటి కొత్తదాని పక్కన పెట్టి "ఇలా అవుతుంది" అని చూపిస్తే ఎంత బాగుండును. బట్టల కొట్టువాడు "రంగు దిగుద్దమ్మా, విడిగా ఉతుక్కో" అని చెప్పి అమ్ముతాడు. వేలు పోసే వస్తువుకు ఆ పాటి మాట చెప్పడానికి అభ్యంతరం ఏమిటో నాకు అర్థం కాదు. పదునైన అంచు అందంగా ఉంటుందని పెట్టుకున్నది కంపెనీ. దాన్ని కాస్త గుండ్రం చేసి ఉంటే సగం గొడవ ఉండేది కాదు.

దీని మీద ఒక ప్రసంగం చాలా తేలిగ్గా తయారవుతుంది. "పైన మెరుపు, లోపల మెత్తన, గీకితే అసలు రంగు బయటపడుతుంది, వేషధారులు కూడా ఇంతే" అని. గిల్టు నగల మీద ఈ ప్రసంగం మీరు ఇప్పటికే పదిసార్లు విని ఉంటారు. నేను ఆ ప్రసంగం చేయను. అది లేఖనానికి కూడా సరిపోదు. నిర్గమకాండము 25వ అధ్యాయం తెరవండి. దీపవృక్షం మొత్తం బంగారమే, సుత్తెతో కొట్టి చేసింది. కానీ మందసం? తుమ్మకర్రతో చేసి దానికి బంగారు రేకు తొడిగించారు. పరిశుద్ధ స్థలంలో అన్నిటికంటే పరిశుద్ధమైన వస్తువే పైపూత వస్తువు! లోపల వేరే పదార్థం ఉండటం నేరమైతే దేవుడు మోషేకు అలా చెప్పేవాడు కాదు. పైగా లోపలి వైపు కూడా తొడిగించమన్నాడు, ఎవరూ చూడని వైపు.

ఇంకొక సంగతి. మందసాన్ని మోసే కర్రలు కూడా తుమ్మకర్రవే, వాటికీ బంగారపు తొడుగే. అవి బంగారు ఉంగరాల్లో దూరి, మనుషుల భుజాల మీద అరణ్యమంతా తిరిగాయి. అరగలేదంటారా? ఉంగరం రాసుకున్న చోట ఆ తొడుగు అరిగి ఉంటుందని నేను అనుకుంటాను, బైబిలు చెప్పలేదు గానీ. అవి మోయడానికి చేసినవి. చూసుకోవడానికి చేసినవి కావు. ప్రయాణంలో మందసానికి కవరు కూడా ఉండేది సుమా, సంఖ్యాకాండము 4వ అధ్యాయంలో ఉంది. ముందు అడ్డతెర, దాని మీద తోలు, దాని మీద నీలిబట్ట. కాబట్టి ఫోనుకు కవరు వేసుకునే పిల్లల్ని చూసి నవ్వకండి. జాగ్రత్త పడటం అవిశ్వాసం కాదు.

ఆ తమ్ముడు మళ్లీ రాశాడు. "అదంతా సరే అయ్యగారూ, రేపు ఎక్స్చేంజిలో ఇస్తే గీతలు చూపించి రేటు తగ్గిస్తారు." ఇదీ నిజమే. అతను డబ్బున్నవాడు కాదు, ఆ లెక్క వేసుకోవడంలో తప్పేమీ లేదు. నేను ఒక్కటే అడిగాను. "రెండేళ్ల తర్వాత ఆ ఫోను కొనబోయేవాడి కోసం ఇప్పటి నుంచే మీ అమ్మను దూరంగా నిలబెడుతున్నావా?" రెండు నీలం టిక్కులు పడ్డాయి. జవాబు రాలేదు.

సోమవారం సాయంత్రం నేనూ అమ్మగారూ వాళ్లింటికి వెళ్లాం. టీ ఇచ్చారు. ఫోను గురించి నేను ఎత్తలేదు. అతనే తెచ్చి చూపించాడు. తడిపి బాగా పిండిన మెత్తని గుడ్డ ఒకటి అడిగాను. పక్క అంచు మీద ఉన్న పొడుగు గీతను మెల్లగా నాలుగుసార్లు తుడిచాను. సగం పోయింది. ఇంకొంచెం తుడిస్తే అంతా పోయింది. కారణం చెప్పాను. మన రూపాయి, రెండు రూపాయల బిళ్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి. ఫోను మీది పొర ఆ స్టీలు కంటే గట్టిది. అందుకని చదునైన చోట బిళ్ల రాసుకుంటే తరచు ఫోను గీసుకుపోదు, బిళ్లే అరిగి దాని లోహం సన్నని చారలా ఫోనుకు అంటుతుంది. పలక మీద బలపం గీసినట్టే. పలక చెక్కుచెదరదు, అరిగేది బలపమే.

మూలలో ఉన్న వెండి చుక్క మాత్రం పోలేదు. అది నిజంగా పొర లేచిపోయిన చోటు. ఎక్కడ తగిలిందో ఎవరికీ తెలియదు. అతని బండి హ్యాండిలుకు ఫోను బిగించే ఇనుప పట్టీ ఒకటి ఉంది, దాని పళ్లు సరిగ్గా ఆ మూలకే వస్తాయి. నేను ఆ పట్టీ వైపు చూశాను, అతనూ చూశాడు. ఇద్దరం ఏమీ అనుకోలేదు.

తల్లి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది. గీత పోవడం చూసి "పోయిందా అయ్యగారండీ? అమ్మయ్య" అంది. "నేను చేయలేదు కదా" అనలేదు. అనవచ్చు, అనే హక్కుంది, అనలేదు. ఆ ఫోనుకు ముందు కట్టిన డబ్బు కోసం మిరపకాయలు కోసి కోసి ఆమె వేళ్ల మీద చర్మం లేచిపోవడం ఈ జనవరిలో నేను చూశాను. కోతల రోజుల్లో ఆ మంటకు రాత్రి నిద్ర పట్టదని మన సంఘంలో సగంమంది స్త్రీలకు తెలుసు. ఆ వేళ్ల గురించి మాత్రం ఆ ఇంట్లో ఎవరూ కేకలు వేయలేదు. ఈ మాట అక్కడ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను. అతను చదువుతాడు.

క్షమాపణ అడగమని నేను బలవంతం చేయలేదు. పాస్టరు ముందు, పాస్టరు కోసం చెప్పే క్షమాపణ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ప్రార్థన చేసి వచ్చేశాం. శుక్రవారం ఏమైందో అమ్మగారు కనుక్కున్నారు. కువైట్ నుంచి ఫోను వచ్చినప్పుడు ఆమె అలవాటుగా "స్పీకరు పెట్టు" అందట. కొడుకు స్పీకరు పెట్టకుండా ఫోను తీసుకెళ్లి ఆమె చేతిలో పెట్టాడట. ఆమె చెంగుతో పట్టుకుంది. చేత్తో ఇంకా పట్టుకోలేదు. అలవాటు పడటానికి రోజులు పడుతుంది.

ఇది చదివి ఇళ్లల్లో ఫోన్లు తుడవడం మొదలుపెట్టే వాళ్లకు నాలుగు మాటలు. గీత కనబడగానే ముందు తడిగుడ్డతో తుడిచి చూడండి, ఆ తర్వాతే ఎవరి మీదైనా అరవండి. కవరు వేసుకున్నవాళ్లు వారానికొకసారి ఊడదీసి లోపల దులపండి. కల్లం దగ్గర తిరిగే మన ఫోన్ల కవరు లోపలికి ఇసుక చేరుతుంది, చేరితే అది ఆకురాయిలాగా లోపలే ఉండి అరగదీస్తుంది. నాణెం కంటే ఇసుక ప్రమాదం, ఫోను మీది అద్దానికి కూడా. ముదురు రంగు ఫోను కొనే ఆలోచన ఉంటే కొట్టులో దాని మూలలు, కెమెరా అంచులు చేత్తో తడిమి చూడండి. వేలికి గుచ్చుకునేంత పదునుగా ఉంటే అక్కడే ముందు తెల్లబడుతుంది. తెల్లబడితే మనసు పాడవుతుంది అనుకునేవాళ్లు వెండిరంగుదే కొనుక్కోండి.

ఒకమ్మగారు పళ్లపేస్టు పెట్టి రుద్దితే గీత పోతుందని యూట్యూబ్‌లో చూశానని చెప్పారు. పైపూత లేని స్టీలు అంచైతే మెరుగు పెట్టవచ్చు, దానికి పైనా లోపలా ఒకటే లోహం కాబట్టి. రంగు ఎక్కించిన అల్యూమినియం మీద పేస్టు పెట్టి రుద్దితే గీత పోదు, దాని చుట్టూ ఉన్న రంగు కూడా వెలిసిపోతుంది. దయచేసి ఆ పని చేయకండి. బూడిద సంగతి నేను చెప్పనక్కర్లేదనుకుంటాను, కానీ మన సంఘంలో ఒకరు ఇప్పటికే ప్రయత్నించారు కాబట్టి అది కూడా చెబుతున్నాను.